మూటలు మోసిన మనిషి పేరు

అనంతపురం జిల్లా, ధర్మవరం టౌను, రైల్వే స్టేషను వెనక నేతగాళ్ల వీధిలో కాపురముంటున్న చెన్నమ్మ అనే నేను, నేతగాడు ఈరప్ప కూతురిని, వయసు యాభై మూడేళ్లు, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా. తండ్రి పేరు తర్వాత భర్త పేరు రాయాలని వకీలు చెప్పాడు. అక్కడ ఖాళీ వదిలాను. ఎందుకు వదిలానో చదివితే తెలుస్తుంది. సంతకం పెట్టేటప్పుడు నింపుతాను.

కుమారి హేమవర్షిణి అంటే తప్ప నన్ను గుర్తుపట్టలేని వాళ్లు చాలామంది ఉన్నారు. ఆ పేరుతో ముప్పై నాలుగు ప్రేమ నవలలు రాసింది నేనేనని ఒప్పుకుంటున్నాను.

నా ఒళ్లు బాగాలేదు, మతి బాగుంది. బెంగుళూరు ఆసుపత్రి వాళ్లు ఉగాది దాకా అన్నారు. మా ఊరి డాక్టరు నా మతి సవ్యంగా ఉందని సర్టిఫికెట్ ఇచ్చాడు. ముప్పై నాలుగు ప్రేమ నవలలు రాసిన మనిషికి అలాంటి కాగితం ఇచ్చినందుకు ఆయన ధైర్యాన్ని మెచ్చుకోవాలి. నన్నెవరూ బలవంతపెట్టలేదు. పెట్టాలని మాత్రం ఇద్దరు వచ్చారు, మా తమ్ముడు రామాంజులు, నా పుస్తకాలు వేసే బెజవాడ పబ్లిషరు. పబ్లిషరు పేరు ఈ పత్రంలో ఎక్కడా రాయను, రాస్తే అది కూడా ఆయనకు ప్రచారమే. ఇద్దరూ కలిసి టైపు చేయించి తెచ్చిన వీలునామా మంచి మందపాటి కాగితం. పాలగిన్నె మీద మూతగా పెట్టాను.

ఈ పత్రం రాయడానికి కారణం ఒక్కటే. నా పుస్తకం ఒకదాని ముందుమాటలో పది పంక్తులు ఉన్నాయి. అవి పోవాలి. మిగిలిన ఆస్తి పంపకమంతా దానికి తోక.

1. ఇదివరకు నేను రాసినవీ, నా పేరుతో ఇతరులు రాసుకున్నవీ రద్దు. దీన్ని అమలు జరిపే బాధ్యత ధర్మవరం బస్టాండు దగ్గర పుస్తకాలు అద్దెకిచ్చే ఖాజా పీర్‌కు అప్పగిస్తున్నాను. ఆయన నా నవల ఒక్కటి కూడా చదవలేదు. ఎందుకప్పా అని ఒకసారి అడిగితే, "చదివితే అద్దెకిచ్చేదానికి మనసు రాదేమోనని భయమక్కా" అన్నాడు. అబద్ధమే గానీ మర్యాద ఉన్న అబద్ధం. పైగా చిరిగిన పుస్తకానికి అట్ట వేసి కుట్టడం ఆయనకు బాగా వచ్చు.

2. నా స్వార్జితమైన పెంకుటిల్లు, అందులోని గుంత మగ్గం మదీనాబీకి చెందాలి. ఇంటి హద్దులు: తూర్పు మదీనాబీ ఇల్లు, పడమర వీధి, ఉత్తరం తిప్పన్న మగ్గాల కొట్టం, దక్షిణం మునిసిపాలిటీ కుళాయి. నీళ్లు వచ్చిన రోజుల్లో మాత్రమే దాన్ని హద్దుగా లెక్కపెట్టాలి.

మదీనాబీ మా వసారాలో కూర్చుని పాతికేళ్లుగా పట్టు పోగు చుట్టే మనిషి. పరాయిదానికి ఇల్లెందుకని మా తమ్ముడు కోర్టుకు వెళితే జడ్జిగారు ఈ కింది సంగతి చదువుకోవాలి.

ఒకప్పుడు మా వీధికంతా ఒకటే వారపత్రిక వచ్చేది. పోగు చుట్టే ఆడవాళ్ల చేతులు ఆగకుండా అందులోని సీరియల్ నేను పైకి చదివేదాన్ని. ఐదో తరగతి దాకా చదివినందుకు నాకు దక్కిన ఉద్యోగం అది. 1970లో ఒక వారం పత్రిక రాలేదు. రైలు దారిలో ఆగిపోయిందన్నారు. పదకొండు మంది ఆడవాళ్లు పోగు చుట్టే కండెలు పట్టుకుని వచ్చి కూర్చున్నారు. లేదని చెప్పడానికి నోరు రాలేదు. పాత పత్రిక ఒకటి విప్పి పట్టుకుని, కథను నా ఇష్టమొచ్చినట్టు లాక్కుపోయాను. అప్పటిదాకా నోరు విప్పని కోడలి చేత అత్తను నాలుగు మాటలు అనిపించాను. అందరూ ఏడ్చారు. తర్వాతి వారం అసలు సంచిక వస్తే, వీళ్లు తప్పు రాసినారని పత్రికనే తిట్టారు.

నేను పుట తిప్పకుండా గంటసేపు చదివానని కనిపెట్టింది మదీనాబీ ఒక్కతే. ఆమెకు అక్షరం ముక్క రాదు. అందరూ లేచిపోయాక, "కాగితంలో ఉండేదాని కంటే నీ నోట్లో ఉండేదే బాగుండాదక్కా" అని తన కండెలు సర్దుకుని వెళ్లిపోయింది. నా పుస్తకాల మీద వచ్చిన అభిప్రాయాల్లో దాచుకోదగ్గది అదొక్కటే.

మగ్గం మాత్రం ఆమె అమ్మకూడదు. పెద్ద అంచు చీరకు ఇద్దరు కావాలి. మధ్యలో కూర్చున్న మనిషి చీర ఒళ్లు నేస్తే, పక్కన కూర్చున్న మనిషి అంచు పోగు నడిపే నాడె వేస్తుంది. ఆ పక్క చోటు నాది. 1971లో నేను రాయడానికి అక్కడి నుంచి లేచాను. "నువ్వు రాసుకో, మగ్గం నేను సూసుకుంటాలే" అన్నాడు మా ఆయన. ఆ తర్వాత చిన్న అంచు చీరలే నేశాడు. పెద్ద అంచు చీరలకు చుట్టుపక్కల పేరున్న చేతులు అవి. పనితనం తగ్గిందని వీధిలో అనుకున్నారు. ఆయన సర్దిచెప్పలేదు, నేనూ చెప్పలేదు.

3. నా తమ్ముడు రామాంజులుకు, వాడి పట్టు చీరల దుకాణం ముందు నిలబెట్టిన నా రంగుల బోర్డును శాశ్వతంగా ఇస్తున్నాను. ఏడడుగుల ఎత్తు ఉంటుంది. అందులో నాకు నడుము కూడా ఉంది.

వాడు నాతో చేసిన వ్యాపారం ఇక్కడ రాయాలి. నా కథానాయిక ఏ వారం ఏ రంగు చీర కట్టాలో వాడు చెప్పేవాడు. దుకాణంలో ఏ రంగు మిగిలిపోతే అది ఆమెకు ప్రాణమైన రంగు అయ్యేది. ఆవపువ్వు రంగు చీరలు కదలక పడి ఉన్న ఏడాది, నా కథానాయిక ఆవపువ్వు రంగు చీరలోనే ప్రేమలో పడింది, ఆవపువ్వు రంగు చీరలోనే పెళ్లాడింది, చివరికి ఆసుపత్రి మంచం మీద కూడా అదే కట్టింది. కళ్యాణదుర్గం నుంచి పెళ్లివాళ్లు పత్రిక చేత్తో పట్టుకుని వచ్చి అదే చీర అడిగారు. వానలు లేక, పెళ్లిళ్లు తగ్గి, మా వీధిలో సగం మగ్గాలు మూలపడిన ఏళ్లలో మా తమ్ముడి దుకాణం మీద రెండో అంతస్తు లేచింది.

సభలకు నేను కట్టుకున్న చీరలూ వాడివే. ధర చీటీ తీయకుండా మడతలోకి దోపుకోమనేవాడు, "మళ్లీ అమ్మాల కదక్కా" అని. సభ అయ్యాక ఇస్త్రీ చేయించి, హేమవర్షిణి కట్టిన చీర అని ఇంకో పెళ్లికూతురికి అంటగట్టేవాడు. చీటీ పిన్నీసు నడుముకు గుచ్చుకుంటూ ఉంటే నేను వేదిక మీద నిలబడి పవిత్ర ప్రేమ గురించి చెప్పేదాన్ని. వాడికి ఇంకేమీ ఇవ్వడం లేదు.

వాడి భార్య ఆంజినమ్మకు నా రుబ్బురోలు, రెండు జతల బంగారు గాజులు ఇస్తున్నాను. ఆమె పదిమందిలో ఉన్నా సరే నన్ను వదినా అనే పిలిచింది, మా ఆయన్ను అన్నా అనే పిలిచింది. వాడు కళ్లెర్రజేసినా మానలేదు. గాజులు వాడి చేతికి ఇవ్వకుండా ఆమె చేతికే తొడగాలి.

4. నాకు కప్పిన సన్మాన శాలువాలు ఇరవై ఒకటి ఉన్నాయి. వాటిని ముక్కలుగా కోసి మా వీధి నేతగాళ్లకు ఇవ్వాలి, మగ్గం గుంత గట్టు మీద కూర్చునే చోట పరుచుకుంటారు. సన్మానం చివరికి ఎక్కడ చేరాలో అక్కడే చేరుతుంది.

జిల్లా సాహిత్య సభల పెద్దలకు ఏమీ లేదు. కరువు సీమలో పుట్టి కరువు గురించి ఒక్క ముక్క రాయలేదని వాళ్లు నన్ను పదేళ్లు తిట్టారు. నిజమే, రాయలేదు. కరువు గురించి వాళ్లు రాసినవాటిని కరువులో ఉన్నవాళ్లు చదవలేదు, నావి చదివారు. ఇందులో గర్వపడవలసింది ఎవరో నాకు తెలియదు. వాళ్ల భార్యలు కొందరు వంటింటి తలుపు చాటు నుంచి నా సంతకం కోసం పుస్తకాలు పంపేవాళ్లు. పేర్లు నాకు గుర్తున్నాయి, రాయను, కాపురాలు కూల్చే పని నవలల్లోనే చాలినంత చేశాను.

5. నా నవలలన్నిటి హక్కులు పబ్లిషరుకే ఇవ్వాలనుకుంటున్నాను. దానికి షరతు ఉంది. షరతుకు ముందు కారణం చెప్పాలి.

మొదటి నవల అచ్చుకు తీసుకుంటూ ఆయన రాసిన ఉత్తరం నా పెట్టెలో ఉంది. "పెళ్లయిన ఆవిడ రాసే ప్రేమ ఎవరిక్కావాలండీ, కుమారి అని వేద్దాం, పేరు కూడా కాస్త చల్లగా ఉండేది చూద్దాం" అని అందులో ఉంది. ఆయన చూసిన చల్లటి పేరు హేమవర్షిణి. అప్పటికి ధర్మవరంలో సరైన వాన కురిసి రెండేళ్లయింది.

అట్ట మీదికి ఫోటో కావాలన్నారు. స్టూడియోలో మెడ బోసిగా ఉండాలన్నారు. తాళి తీశాను గానీ ఎక్కడ పెట్టాలో తెలియక గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డాను. మా ఆయన చొక్కా జేబులోంచి బీడీల కట్ట తీసి కిటికీలో పెట్టి, "ఇట్లా తే" అన్నాడు. పాత పత్రిక కాగితంలో చుట్టి జేబులో వేసుకున్నాడు. తాళి ఉన్న జేబులో బీడీలు ఉండకూడదని ఆయన లెక్క.

ఆ తర్వాత ఏడేళ్లు అదే పద్ధతి. పబ్లిషరు ఊరూరా సభలు పెట్టించేవాడు. పెనుకొండ, హిందూపురం, సోమందేపల్లె, ఎక్కడ నలుగురు చదువుకున్న ఆడవాళ్లుంటే అక్కడికి బస్సెక్కేవాళ్లం. బస్సు దిగగానే నేను బస్టాండు వెనక్కి వెళ్లి తాళి తీసి మా ఆయన చేతికి ఇచ్చేదాన్ని. ఆయన పొట్లం కట్టి జేబులో వేసుకుని, పుస్తకాల మూట నెత్తిన పెట్టుకుని, నా వెనక పదడుగుల దూరంలో నడిచేవాడు. ఎవరు నువ్వని అడిగితే మూటలు మోసేవాణ్ణి అని చెప్పేవాడు. తిరుగు బస్సు ఎక్కేముందు తాళి నా చేతికి వచ్చేది. జేబులో ఉండి ఉండి వెచ్చగా ఉండేది.

ఎందుకు ఒప్పుకున్నావంటే కరువు అని చెప్పవచ్చు. ఈ జిల్లాలో ఏ తప్పునైనా కరువు మీదికి నెట్టేస్తే అందరూ తలాడిస్తారు. కానీ మేము తిండికి మాడలేదు. నాకు చప్పట్లు కావాలనిపించింది. కండెలు చుట్టే ఆడదాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మెడలో దండ వేసి, నేనేం చెబుతానా అని వందమంది నోరు తెరుచుకుని చూస్తుంటే బాగుండేది. మా ఆయన మూటల మీద కూర్చుని, మిగతావాళ్లతో పాటు చప్పట్లు కొట్టేవాడు.

6. 1978 ఫిబ్రవరిలో ఒక ఊళ్లో జరిగిన సంగతి ఇది. ఊరి పేరు రాయను, తప్పు ఊరిది కాదు.

కల్యాణ మండపంలో ఆడవాళ్ల సభ. నా పన్నెండో నవల "నిండు సభలో నీ పేరు" గురించి. అందులో కోటీశ్వరుడి కూతురు, దొంగ అని అందరూ నిందించిన పేదవాడి పక్కకు వెళ్లి నిలబడి, ఈయన నా భర్త అని నిండు సభలో చెబుతుంది. ఆ పుట చదివి ఏడవని ఆడది లేదని పబ్లిషరు ప్రకటనలు వేయించాడు. ఆ రోజు నన్ను అదే పుట మైకులో చదవమన్నారు. చదివాను. మండపమంతా ముక్కులు చీదుకున్నారు.

అంతలో ఎవరి పాప మెడలోనో గొలుసు పోయిందని గోల లేచింది. తలుపులు మూశారు. ఊరికి కొత్తవాళ్లను వెతకాలన్నారు. ఊరికి కొత్తవాళ్లం ముగ్గురం, నేను, పబ్లిషరు, మూటలు మోసే మనిషి. వేదిక మీద కూర్చున్నవాళ్లను ఎవరూ వెతకరు. మా ఆయన జేబులోంచి కాగితం పొట్లం తీశారు. విప్పితే రెండు పుస్తెలు, నల్లపూసలు.

మగవాడి జేబులో తాళి కనబడేసరికి గొలుసు సంగతి అందరూ మరిచిపోయారు. "యాడిదిరా ఇది, ఏ తల్లి మెడలోంచి తెంపుకొచ్చినావు" అని ఒకావిడ అడిగింది. ఆయన వేదిక వైపు ఒక్కసారి చూశాడు. తర్వాత తల దించుకుని, "దొరికింది తల్లీ, బస్టాండులో దొరికింది" అన్నాడు. ఎవరూ నమ్మలేదు. సభ నడిపే ఆవిడ నా వైపు తిరిగి, "మీతో వచ్చిన మనిషే గదమ్మా, మీకేమన్నా తెలుసునా" అని అడిగింది.

"మూటలు మోసే మనిషి. తాళి సంగతి నాకు తెలియదు" అన్నాను. మైకు నా ముందే ఉంది కాబట్టి మండపం బయటివాళ్లు కూడా విన్నారు.

భర్త పేరు పైకి పలకకూడదని మాలో ఆచారం. ఆ ఆచారాన్ని ఆ రోజు మనసులో చాలాసార్లు తలుచుకున్నాను. కానీ ఆయన పేరు ఎవరడిగారు. ఆ తాళి నాది అంటే చాలు, మూడు మాటలు. పన్నెండు నవలలు రాసిన దాని నోట ఆ మూడు మాటలు రాలేదు.

ఒక పెద్దావిడ చెప్పు తీసి రెండు దెబ్బలు కొట్టింది. నేను చదివిన పుటకు ఏడ్చిన తడి ఆమె కళ్లలో ఇంకా ఉంది. మా ఆయన చేయి అడ్డం పెట్టుకోలేదు. కాసేపటికి గొలుసు పూలబుట్టలో దొరికింది, ఆయన్ను వదిలేశారు. తాళి మాత్రం తిరిగి ఇవ్వలేదు. ఎవరిదో తెలియని తాళిని ఇంట్లో ఉంచుకోకూడదని, అందరం కలిసి వెళ్లి ఊరి అమ్మవారి హుండీలో వేశాం. పోగొట్టుకున్న ఆ తల్లి ఎక్కడున్నా చల్లగా ఉండాలని నా చేత కూడా దండం పెట్టించారు. పెట్టాను. అమ్మవారు నన్ను చూసి ఏమనుకుందో తెలియదు.

పబ్లిషరు సమయం పోనివ్వలేదు. "అమ్మగారు ఈ దొంగను క్షమించి మళ్లీ పనిలో పెట్టుకుంటున్నారండీ" అని మైకులో చెప్పాడు. ఆ రోజు వచ్చిన చప్పట్లన్నిటిలో పెద్దవి దానికే వచ్చాయి. మూటలోని పుస్తకాలన్నీ అమ్ముడుపోయాయి.

బస్సులో మా ఆయన ఎప్పటిలాగే వెనక సీట్లో కూర్చున్నాడు. ధర్మవరంలో దిగాక అంగట్లో పసుపు కొమ్ము కొన్నాడు. ఇంటికొచ్చి, పడుగు చివర మిగిలిన పట్టు పోగులు పేని, పసుపు రాసి, కొమ్ము కట్టి, "మెడ వంచు" అన్నాడు. నేను ఏడుస్తుంటే, "ఆ యమ్మకేం తెలుసు, వదిలెయ్" అన్నాడు, తనను కొట్టిన ఆవిడ గురించి. నా గురించి ఏమీ అనలేదు. అన్నా బాగుండేది.

7. ఆ ఏడే "నిండు సభలో నీ పేరు" రెండోసారి అచ్చయింది. ముందుమాటలో పబ్లిషరు పది పంక్తులు చేర్చాడు. ఎవరిదో తాళి దొంగిలించి సభలో పట్టుబడిన తన కూలివాణ్ణి కన్నతల్లిలా క్షమించిన కరుణామయి కుమారి హేమవర్షిణి, అని.

మా ఆయన చదువు నెమ్మది. అక్షరం కింద వేలు పెట్టుకుని చదువుతాడు. ఆ పది పంక్తులు చదవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. "ఆ దొంగ అనేది తీసేయమని రాయి. మా అక్క మనవరాళ్లు చదువుకుంటాండారు, యాడో ఒకచోట వాళ్లకు తెలుస్తాది" అన్నాడు. ముప్పై నాలుగేళ్ల కాపురంలో నన్ను ఆయన అడిగింది అదొక్కటే. పబ్లిషరుకు ఉత్తరం రాశాను. "ఆ ముక్క మీదే పుస్తకం కదులుతోందండీ" అని జవాబు వచ్చింది. నేను రెండో ఉత్తరం రాయలేదు. ఆయన రెండోసారి అడగలేదు. ఇప్పుడు ఆ పుస్తకం పదకొండో ముద్రణలో ఉంది, ఆ పంక్తులు అలాగే ఉన్నాయి.

సభలకు మాత్రం ఆయన తర్వాత కూడా మూటలు మోశాడు. పసుపు కొమ్మును నేను రవికెలో దోపుకునేదాన్ని, ఆయన జేబులో మళ్లీ బీడీలు పెట్టుకున్నాడు.

1984లో జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయాడు. పదో రోజు తాళి తీయడానికి ఆడవాళ్లు వచ్చారు. మా తమ్ముడు తలుపు దగ్గర నిలబడి, గట్టిగా ఏడవద్దక్కా, పత్రికలవాళ్లకు తెలిస్తే కుమారి సంగతి బయటపడుతుంది అన్నాడు. నేను గట్టిగా ఏడవలేదు. కానీ పసుపు కొమ్ము మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు. ఆ నెలాఖరులోనే అనంతపురంలో నా ముప్పై ఒకటో నవల విడుదలైంది. దానికి వెళ్లాను, నవ్వుతూ ఫోటో దిగాను. అది కూడా ఇక్కడ రాసి ఉండాలి.

8. ఇక షరతు. నా ముప్పై నాలుగు నవలల హక్కులు కింది మూడు పనులూ చేస్తేనే పబ్లిషరుకు చెందుతాయి. ఆ పది పంక్తులు తీసేయాలి. వాటి స్థానంలో ఈ వీలునామాను మొదటి నుంచి చివరి దాకా, తనను తిట్టిన చోట్లతో సహా, ఒక్క అక్షరం మార్చకుండా ప్రతి ముద్రణలోనూ ముందుమాటగా వేయాలి. పుస్తకాలన్నిటి మీదా కుమారి అన్న మాట కొట్టేయాలి. నేను పోయిన ఏడాది లోపల ఇవి జరగకపోతే హక్కులు ఖాజా పీర్‌వి. ఆయన వాటిని అచ్చు వేయించినా, వేరుశనక్కాయల పొట్లాలకు అమ్మినా నాకు అభ్యంతరం లేదు.

పబ్లిషరు ఇది వేయడని వకీలు అంటున్నాడు. వకీలుకు పబ్లిషర్ల సంగతి తెలియదు. పదహారేళ్లు కుమారి అని నమ్మించిన ఆవిడకు మొగుడున్నాడని తెలిస్తే జనం ఎగబడి కొంటారు. ఆ లెక్క ఈ పేజీ దాకా రాకముందే ఆయన బుర్రలో మొదలై ఉంటుంది. ఆయన మంచితనం మీద నాకు నమ్మకం లేదు, దురాశ మీద పూర్తిగా ఉంది.

హేమవర్షిణి అనే పేరు ఎవరికి కావాలంటే వాళ్లు పెట్టుకోవచ్చు. నేను పోయాక వేరేవాళ్ల చేత ఆ పేరుతో రాయించాలని ఆయన అప్పుడే మనిషిని చూసుకున్నాడని విన్నాను. రాయించుకోనీ. ఆ పేరు ఎప్పుడూ ఒక మనిషిది కాదు.

9. పాఠకుల ఉత్తరాలు మూడు ట్రంకు పెట్టెలు ఉన్నాయి. అన్నీ తగలబెట్టాలి. మీ కథానాయకుడి లాంటి మొగుడు నాకెప్పుడు దొరుకుతాడని అడిగినవాళ్లు, మీరింకా పెళ్లెందుకు చేసుకోలేదని అడిగినవాళ్లు, ఆవపువ్వు రంగు చీర ఎక్కడ దొరుకుతుందని అడిగినవాళ్లు. వాళ్లను చూసి నేను పదహారేళ్లు నవ్వాను. ఇప్పుడు ఈ ముందుమాట చదువుతూ కళ్లు తుడుచుకుంటున్నవాళ్లకు ఒక మాట. మీ ఏడుపు నాకు తెలుసు. దాని చేతిలో చెప్పు కూడా ఉంటుంది.

ఒక్క ఉత్తరం మాత్రం కాల్చకూడదు. సోమందేపల్లె బడిలో ఆయాగా పనిచేసే సుబ్బలక్ష్మమ్మ ఎవరి చేతనో రాయించిన కార్డు. గొలుసు గోల జరిగిన ఆ సభలో ఆమె ఉంది. నవల గురించి ఒక్క ముక్క లేదు. "ఆ మూటలు మోసే ఆయప్పకు తరువాత అన్నం పెట్టినారా లేదా తెలుపగలరు" అని ఉంది. ఆ రోజు ఆయనకు అన్నం పెట్టలేదు. నాకూ తోచలేదు. ఆమెకు జవాబు రాయడానికి నాకు మొహం లేకపోయింది.

చెక్కపెట్టెలో ఉన్న కుంకుమ రంగు పట్టు చీర సుబ్బలక్ష్మమ్మకు ఇవ్వాలి. అది మా ఆయన నేసిన చివరి పెద్ద అంచు చీర. ఆయన పోవడానికి ముందు నెలలో, ఏ సభా లేని పదిహేను రోజులు నేను పోయి పక్కన కూర్చున్నాను. కుడి పక్క అంచు అక్కడక్కడా వంకర పోయింది. అది నేను వేసిన వైపు. చీరలో లోపం ఉందని ఆమెకు ముందే చెప్పి ఇవ్వాలి.

10. నన్ను మా వీధివాళ్లు మోస్తే చాలు, సభల వాళ్లు రాకూడదు. మెడలో పసుపు కొమ్ము ఉంటుంది, ఎవరూ తీయకూడదు. మా తమ్ముడు తెచ్చే చీర కప్పకూడదు. కప్పినా ధర చీటీ ఉందేమో ముందు ఆంజినమ్మ చూడాలి.

సాక్షులకు ఏమీ ఇవ్వడం లేదు, తిప్పన్నకు శాలువా ముక్క కూడా. సాక్షికి ఆస్తి ఇస్తే చెల్లదని వకీలు చెప్పాడు. వాళ్లిద్దరికీ ఇచ్చేది ఒక్కటే, ఇప్పుడు నేను పలకబోయే పేరు వినడం.

మొదట్లో వదిలిన ఖాళీ ఇక్కడ నింపుతున్నాను. మైకు లేదు. వసారాలో తిప్పన్న, రంజాన్ బీ కూర్చుని ఉన్నారు. ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఒక్కసారి కూడా పలకని పేరు, వాళ్లకు వినపడేటట్టు పైకి పలికి రాస్తున్నాను. ఆ తాళి నాది.

ధర్మవరం,
1987 నవంబరు 19, గురువారం.

సంతకం:
పుల్లన్న భార్య చెన్నమ్మ

సాక్షులు:
1. తిప్పన్న, నేత పని, ఉత్తరం పక్క మగ్గాల కొట్టం. సంతకం.
2. రంజాన్ బీ, పోగు చుట్టే పని. ఎడమ బొటనవేలి ముద్ర.

మా ఎదుట ఆమె తన భర్త పేరు పైకి చెప్పి సంతకం చేసింది. మేమిద్దరం విన్నాము.